రిలేగారి గది తలుపు

రిలేగారి గది తలుపు జానెడు మేర తెరుచుకుని ఉండటం మొదటిసారి ఆయన కంటబడింది ఒక మంగళవారం నాడు, సాయంకాలం ఐదు గంటలకు. షికారుకు వెళ్ళి వచ్చి, చెప్పులు విడిచి, అలవాటు చొప్పున వసారా చివరకు చూపు సారించేసరికి, తాను స్వయంగా మూసి, మూసుకున్నదో లేదో రెండుసార్లు నెట్టి చూసి మరీ వెళ్ళిన తలుపు, ఎవరో ఇప్పుడే తొంగి చూసి తప్పుకున్నట్టు వారగా నిలిచి ఉంది. ఆయన కేక వేయలేదు. కేకలు వేసే మనిషి కాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వేలి కొనతో తలుపును మరో రెండంగుళాలు తోసి, లోపలి బల్లను ఈ చివర నుండి ఆ చివర దాకా పరికించాడు. టంకం పెట్టే ఇనుము దాని కొక్కేనికి ఉంది. స్క్రూడ్రైవర్లు పొడుగుదాని నుండి పొట్టిదాని దాకా వరుస చెడకుండా ఉన్నాయి. ఏదీ పోలేదు. ఏదీ పోకపోవడమే ఆయనకు ఎక్కువ అనుమానం కలిగించింది. దొంగ అయితే ఏదో ఒకటి పట్టుకుపోతాడు. ఏమీ పట్టుకుపోనివాడు మరొక పని మీద వచ్చినవాడన్నమాట.

ఆ ఇంట ఉండేది ముగ్గురు. ఆయన, ఆయన ఇల్లాలు, ఆమె తమ్ముడు. ముగ్గురిలో తనను తాను తీసివేసుకున్నాడు. తీగల చిక్కు చూస్తేనే తల తిరుగుతుందనే ఇల్లాలిని కూడా తీసివేశాడు. మిగిలినవాడు ఒక్కడు.

రిలేగారు అన్నది వీధివారు పెట్టిన పేరు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆయన ముప్పై నాలుగేళ్ళు రిలేల మరమ్మతు చేశాడు. రిలే అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. ఒక తీగచుట్ట, దాని ముందు ఒక ఇనుప రేకు. చుట్టలో కాస్త కరెంటు పారితే అది అయస్కాంతమై రేకును తన వైపు లాక్కుంటుంది. రేకు కదలి మరొక పెద్ద కరెంటుకు దారి ఇస్తుంది. లాక్కున్నప్పుడు ఒక టిక్కు, వదిలినప్పుడు ఒక టిక్కు. ఎక్స్ఛేంజి హాలులో ఇనుప బీరువాల నిండా అటువంటివి వేలకు వేలు ఉండేవి. ఆయన నడవా మధ్య కళ్ళు మూసుకుని నిలబడి, "ఏడో వరుస, మోకాలి ఎత్తున, ఒకటి నీరసించింది" అనేవాడు. వెళ్ళి చూస్తే అక్కడే ఒకటి నీరసించి ఉండేది. ఉదయాన్నే పరీక్ష మీట వేయగానే హాలంతా ఒక్కసారి టకటకమని మేలుకునేది. ఆ చప్పుడు వింటేనే గాని ఆయన కాఫీ కప్పు ముట్టేవాడు కాడు. ఆ టకటక వినిపించిందంటే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క.

తరువాత ఆ బీరువాలన్నీ విప్పి పాత ఇనుముగా తీసుకుపోయారు. వాటి స్థానంలో ఒక మూల నిలబడే మౌనమైన పెట్టె వచ్చింది. అదే సంవత్సరం ఆయనా ఇంటికి వచ్చేశాడు. మూడు నెలలు ఆయన చెవులు పస్తులున్నాయి. పిమ్మట ఒకనాడు టార్చిలైటు మీట కోసం విడిభాగాల దుకాణానికి వెళ్ళి, అద్దాల పెట్టెలో అగ్గిపెట్టెంత నీలిరంగు రిలేను చూశాడు. చిన్న పలక మీద దానికి కావలసిన సరంజామా అంతా అమర్చి ఉంది. దుకాణదారు దాన్ని మరొక చిన్న పలకకు తగిలించి చూపించాడు; ఆ రెండోది మైక్రోకంట్రోలరు, మనం రాసిచ్చిన పనులను వరుస తప్పకుండా చేసే బుల్లి బుర్ర. నీలి పెట్టె టిక్కుమన్నది. రిలేగారు దుకాణదారు కేసి, తప్పిపోయిన చుట్టాన్ని చూపించినవాడి కేసి చూసినట్టు చూశాడు.

వసారా చివరి గది ఆనాటి నుండి ఆయన కార్యశాల అయింది. ప్రోగ్రాము రాయడం నేర్చుకున్నాడు. ఎక్స్ఛేంజిలో రిజిస్టరు రాసినంత పద్ధతిగా రాసేవాడు: ముందు ఏ తీగ ఏ పనికో హాజరు పట్టీ, ఆ వెనుక బుల్లి తెర మీద రెండు సెకన్ల స్వాగతవాక్యం, అటు పిమ్మట ఒక్కొక్కరికీ పని అప్పగింత. ఈ కొత్త నీలి రిలేలలో ఒక్కటే ఆయనకు విడ్డూరంగా తోచింది. ఇవి తలకిందుల జాతి. వీటి తీగను కరెంటుతో ఎత్తి పట్టుకుంటే విశ్రాంతిగా ఉంటాయి. దింపితే టిక్కుమని పనిలోకి దిగుతాయి. "రెక్క పట్టుకుని నిలబెడితే కూర్చుంటుంది, వదిలేస్తే లేస్తుంది. మీ కండక్టరు తమ్ముడి లాంటిదే" అని ఆయన ఇల్లాలితో అన్నాడు గాని, ఆమెకు వినబడలేదు.

ఇల్లాలికి వినికిడి తగ్గి మూడేళ్ళయింది. భర్త గొంతు మొదటి నుండీ మెత్తన. వినే పనిలో జీవితం గడిపినవాడు గనుక గొంతు పెంచడం ఆయనకు అబ్బలేదు. ఆమెకు స్పష్టంగా వినబడే గొంతు లోకంలో ఒక్కటే మిగిలింది, తమ్ముడిది. అతడు బస్సు కండక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడు. వెనుక మెట్టు మీద నిలబడి "రైట్ రైట్" అంటే నిండు బస్సును దాటి డ్రైవరు చెవిలో పడే గొంతు. భార్య పోయిన తరువాత అక్క ఇంట చేరి ఎనిమిదేళ్ళు. గేటు దగ్గర ఎవరు పిలిచినా, కుక్కరు కూత వేసినా, ఫోను మోగినా అక్కకు చెప్పేది అతడే. ఇంకొక అలవాటు కూడా ఉంది. ఇస్త్రీ చేయని చొక్కాతో గడప దాటడు. పొద్దున పదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి, హాలులో దుప్పటి పరిచి ఇస్త్రీపెట్టె ప్లగ్గుకు తగిలిస్తాడు. ఇంటిల్లిపాది బట్టలూ ఆ వంకన మడత తేలుతాయి.

ఇక రిలేగారి మనసులో ముల్లు నాటుకున్న విధం ఇది. ఇల్లాలి కోసం ఆయన ఒక బెల్లుదీపం తయారు చేయసాగాడు. గేటు దగ్గర బెల్లు నొక్కితే హాలులోనూ వంటగదిలోనూ దీపాలు మూడుసార్లు వెలిగి ఆరాలి. సంగతి విని కండక్టరు పెద్దగా నవ్వాడు.

"అయితే బావా, దీపం వస్తే నాకు రెండో రిటైర్మెంటన్నమాట!"

"ఊరికే అన్నాడు" అనుకున్నాడు రిలేగారు అప్పటికి. అటు తరువాత వారానికే కండక్టరు పటకారు కోసం ఆ గదిలోకి వెళ్ళి, పటకారుతో పాటు బెల్లుదీపం తీగలు రెండు లాగేసి, "ఎక్కడివక్కడ పెట్టేశాలే బావా" అన్నాడు. పెట్టినవి ఎక్కడివక్కడ కావు. మీట వేయగానే పలక నుండి సన్నని పొగ లేచింది. నెలరోజుల శ్రమ బుగ్గి. రిలేగారు తలుపుకు తాళం చేశాడు, అదీ తన చేతి తాళం. నాలుగంకెలు నొక్కితే మైక్రోకంట్రోలరు రిలేను పిలుస్తుంది, రిలే గడియను లాగుతుంది, కీలు పాతది గనుక తలుపు దానంతటదే జానెడు వెనక్కి వస్తుంది. అంకెలు ఆయనకు తప్ప ఎవరికీ తెలియవు.

"కోట కట్టావు బావా. కందకం ఎప్పుడు తవ్విస్తావు?" అన్నాడు కండక్టరు. రిలేగారికి ఆ హాస్యం రుచించలేదు.

అటువంటి కోట మంగళవారం తెరుచుకుంది. బుధవారం పొద్దున బజారుకు వెళ్ళి వచ్చేసరికి మళ్ళీ తెరుచుకుంది. అంకెలు మార్చాడు. గురువారం సాయంత్రం మళ్ళీ.

శుక్రవారం ఆయన గడప మీద సుద్దపొడి పల్చగా చల్లి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి తలుపు తెరిచే ఉంది, సుద్దపొడి మీద చీమ కాలి గుర్తు కూడా లేదు. "అడుగు వేయకుండా చేయి చాచి చూస్తున్నాడు" అని నిశ్చయించుకున్నాడు. అప్పటికీ తృప్తి కలగక, తలుపు ఎన్నిసార్లు తెరుచుకున్నదో బుల్లి తెర మీద అంకె పడే ఏర్పాటు చేశాడు. శనివారం పొద్దుటి నుండి తానే ముమ్మారు లోపలికి పోయి వచ్చాడు. తెర మీద మూడు ఉంది. సాయంత్రం చూస్తే సున్న. రిలేగారు తెరను తుడిచి మళ్ళీ చూశాడు. తలుపు తెరవడమే గాక, జాడ తుడిచేసి పోయేంత చదువు చదివాడన్నమాట! ఫోనులో బొమ్మలు చూస్తూ కూర్చుంటాడని అనుకున్నాడు గాని, ఏ పాఠాలు చూస్తున్నాడో ఎవరు కనిపెట్టారు?

ఆ రోజు నుండి బావమరిది ప్రతి చేష్టా ఆయనకు రెండు అర్థాలతో కనబడసాగింది. ఈల వేస్తే ఎందుకు వేస్తున్నాడు, వేయకపోతే ఎందుకు మానేశాడు? ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర నెమ్మదిగా ఆరా తీశాడు.

"ఏమోయ్, నిన్న నాలుగున్నరకు ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటా బావా? హాల్లో ఇస్త్రీ."

"మొన్న?"

"ఇస్త్రీ."

"పొద్దున పదింటికి?"

"అదీ ఇస్త్రీయే. ఏంటి బావా, చెకింగు ఇన్‌స్పెక్టరులా అడుగుతున్నావు? టికెట్టు చూపించమంటావా?"

ఇల్లాలు ఇద్దరి ముఖాలనూ మార్చి మార్చి చూసింది. రిలేగారు మజ్జిగ కలుపుకుంటూ తల వంచుకున్నాడు. ఎప్పుడు అడిగినా ఒకే సమాధానం చెప్పే సాక్షిని నమ్మరాదని ఆయన అభిప్రాయం. నిజం చెప్పేవాడు ఎక్కడో ఒకచోట తడబడతాడు.

పాత అలవాటు ప్రకారం ఒక రిజిస్టరు తెరిచాడు. తేదీ, వేళ, తలుపు స్థితి, ఆ వేళ ఇంట ఉన్నవారు, అని నాలుగు గళ్ళు. షికారుకు వెళ్ళడం తగ్గించి ఇంటి చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టాడు. మూడు వారాలలో పదహారు పద్దులు పడ్డాయి. వేళల గడి నిలువునా చదివితే తేలింది ఇది: పది, నాలుగున్నర, పది దాటి ఐదు నిమిషాలు, నాలుగున్నర. నాలుగో గడిలో మొదటి వరుసన "బావమరిది, హాలులో" అని రాసి, కింద వరుసలన్నిటా "సదరు" "సదరు" అని వేసుకుంటూ పోయాడు. ఇంత పొందికగా కుదిరిన సాక్ష్యం ఎక్స్ఛేంజిలో సైతం ఆయనకు ఎన్నడూ దొరకలేదు.

ఇల్లాలు రిజిస్టరు చూడనే చూసింది. ఒక ఉదయం కాఫీ గ్లాసు దాని పక్కన పెట్టి, భర్త ముఖానికి ఎదురుగా కూర్చుంది, పెదవులు కనబడేలా.

"ఇది వాడికి చూపిస్తారా?"

ఆయన తల ఊపాడు.

"మా అమ్మ పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచింది నేను. వాడి సంగతి నాకు తెలుసు. మాట పడ్డాడంటే ఈ గడపలో ఒక్క పూట ఉండడు." గ్లాసు ఆయన వైపు జరిపింది. "వాడు పోతే ఈ ఇంట్లో నాకు వినబడేది ఏమీ ఉండదు. అది చూసుకుని చూపించండి."

రిలేగారు రెండు రోజులు చూసుకున్నాడు. మూడో రోజు సాయంత్రం తలుపు మళ్ళీ తెరుచుకుంది. హాలులో బావమరిది చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు. రిలేగారు రిజిస్టరు తెచ్చి దుప్పటి మీద, చొక్కా పక్కన పెట్టాడు.

కండక్టరు ఇస్త్రీపెట్టె నిలబెట్టి, తల వంచి మొదటి పుట చూశాడు. ముఖంలో నవ్వు ముందు పెదవుల నుండి, ఆ తరువాత కళ్ళ నుండి దిగిపోయింది.

"ఇదంతా నా మీదేనా బావా?"

"నువ్వే చెప్పు."

"ఏం చెప్పమంటావు? నీ గదిలో నాకేం పని?"

"దీపం పూర్తయితే నీ అవసరం తీరిపోతుందని నువ్వే అన్నావు."

కండక్టరు రిజిస్టరు మూసి పక్కకు జరిపాడు. అతని నోట వచ్చింది బస్సు గొంతు కాదు, పక్కవాడికి కూడా ఆనని గొంతు. "తోలుసంచీ భుజాన వేసుకుని ముప్పై ఏళ్ళు తిరిగాను. ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు. ఒక్కడు కూడా నా సంచీలో చెయ్యి పెట్టి చూస్తానని అనలేదు. నువ్వన్నావు."

ఇస్త్రీపెట్టె తీగ ఊడదీసి చుట్టి అలమరలో పెట్టాడు. నాలుగు జతల బట్టలు సంచీలో సర్దుకున్నాడు. వంటగది గుమ్మంలో నిలబడి, మళ్ళీ పాత గొంతు తెచ్చుకుని, "అక్కా! డిపో దగ్గర స్నేహితుడికి ఒంట్లో బాగోలేదు. కొన్నాళ్ళు తోడుండి వస్తా!" అని కేక వేశాడు. ఆమె చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. తమ్ముడు అబద్ధం కూడా స్పష్టంగా వినబడేలా చెప్పాడు.

ఆ తరువాత తొమ్మిది రోజులు గది తలుపు బిగుసుకుని ఉంది. ఒక్కనాడైనా వారగా కదలలేదు. తెర మీద అంకె నాలుగు, ఏడు, పన్నెండు అంటూ పద్ధతిగా పెరిగింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి? రిలేగారు రిజిస్టరులో "తలుపు స్థితి: మూసి యున్నది" అని తొమ్మిది వరుసలు రాశాడు. రాస్తున్నంతసేపూ పంటి కింద రాయి పడ్డట్టే ఉంది.

బెల్లుదీపం ఆ రోజుల్లోనే పూర్తయింది. తాళానికి రాసినట్టే పద్ధతిగా దీనికీ ప్రోగ్రాము రాసి, హాలు గోడకు పెట్టె బిగించాడు. దీపాలు చక్కగా మూడుసార్లు వెలిగి ఆరాయి. కానీ బెల్లు నొక్కేవారు ఎవరూ రాలేదు. ఇన్నేళ్ళూ ఆ గేటు దగ్గరకు వచ్చినవారంతా కండక్టరు కోసం వచ్చినవారేనని అప్పుడు తెలిసింది. కుక్కరు కూతలు లెక్కపెట్టేవారు లేక రెండుసార్లు అడుగంటింది. ఇల్లాలు దేనికీ ఆయనను తప్పు పట్టలేదు. ఆమె మాట్లాడకపోవడం కూడా ఆయనకు అనుమానంగానే ఉండేది: తమ్ముడితో ఫోనులో రాతల ద్వారా ఏమైనా నడుస్తోందేమో?

పదో రోజున పాత ఎక్స్ఛేంజి మిత్రులు కలుసుకునే సమావేశం ఉంది. బెల్లుదీపం ముచ్చట అక్కడ చెప్పాలని ఆయన కోరిక. వేసుకుందామంటే ఇస్త్రీ చొక్కా ఒక్కటి లేదు. పదకొండింటికి ఇల్లాలు హాలులో దుప్పటి పరిచి, అలమరలోంచి తమ్ముడి ఇస్త్రీపెట్టె తీసి గోడకు తగిలించింది. రిలేగారు వసారాలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు.

ఆమె మీట నొక్కింది.

టిక్కు. టిక్కు. రెండు చోట్ల, ఒక్క క్షణంలో. ఒకటి హాలు గోడ మీది పెట్టెలో, రెండోది తన గదిలో. రిలేగారి చేతిలో కత్తి గడ్డం మీద ఆగిపోయింది. గడియ లాక్కున్న చప్పుడు. కీలు కిర్రుమంది. ఆయన చూస్తుండగా, మనిషన్నవాడు ఎవరూ లేని ఆ చోట, తలుపు జానెడు వెనక్కి వచ్చి నిలిచింది.

హాలులో దీపం వెలిగింది. మూడుసార్లు కాదు, రెండు సెకన్లు నిండుగా వెలిగి ఆరింది. ఇల్లాలు దీపం చూసి, ఇస్త్రీ మీట ఆర్పి గేటు దాకా పోయి వచ్చింది. "ఎవరూ లేరు" అంటూ మళ్ళీ మీట నొక్కింది. మళ్ళీ దీపం. ఆమె మళ్ళీ గేటు వైపు తిరగబోయి, సబ్బు నురగ ముఖంతో గుమ్మంలో నిలబడిన భర్తను చూసి ఆగిపోయింది.

ఆయన గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. తెర మీద స్వాగతవాక్యం చెరిగిపోతోంది. దాని వెనుక అంకె పడింది: సున్న.

అంతే. తుడిచిందెవరూ లేరు. ఆ బుల్లి బుర్ర ఇప్పుడే నిద్ర లేచింది. నిద్ర లేచినదానికి నిన్నటి లెక్క ఎలా గుర్తుంటుంది? హాలుకూ ఆ గదికీ పోయేది ఒకే పాత తీగ. ఇస్త్రీపెట్టె ఒక్కసారిగా కరెంటు గుంజుకుంటే ఆ కుదుపుకు బుల్లి బుర్ర కళ్ళు తిరిగి పడి మళ్ళీ లేస్తోంది. లేచినప్పుడు తాను రాసినట్టే చేస్తోంది: ముందు హాజరు పట్టీ, తరువాత రెండు సెకన్ల స్వాగతం, ఆ పిమ్మట రిలేకు "విశ్రాంతిగా ఉండు" అన్న ఆజ్ఞ. హాజరు పిలిచిన క్షణం నుండి ఆజ్ఞ అందేదాకా తీగ దిగే ఉంటోంది. తలకిందుల జాతి రిలే, తీగ దిగితే పనిలోకి దిగుతుంది. ఆ రెండు సెకన్లూ గడియ తెరిచే ఉంటోంది. అంటే యంత్రం స్వాగతం చెబుతున్నంతసేపూ తలుపు బార్లా అన్నమాట.

ఆ మేలుకొలుపు టిక్కు ఆయనకు కొత్త కాదు. గదిలో కూర్చుని మీట వేసిన ప్రతిసారీ విన్నాడు. విని సంతోషించాడు. పాత హాలు ఉదయాన టకటకమని లేచినట్టు, ఇదీ ఆరోగ్యంగా లేచిందనుకున్నాడు. ఇంకెవరైనా అయితే "పని చెప్పకముందే ఎందుకు చప్పుడు చేసింది?" అని అడిగేవారు. ఆయన అడగలేదు.

ఇల్లాలు గుమ్మంలోకి వచ్చి తలుపు చూసింది. వెనక్కి తిరిగి ఇస్త్రీపెట్టె చూసింది. ఆయన ఏమీ వివరించనక్కర లేకపోయింది.

"మా తమ్ముడు ఇన్నాళ్ళూ ఇస్త్రీపెట్టెతో తాళం తీశాడన్నమాట."

రిలేగారు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. దిద్దవలసింది ఎంతో లేదు. విశ్రాంతి ఆజ్ఞను హాజరు పట్టీకి ముందుకు జరపాలి. ఒక వాక్యం పైకి, అంతే. ఆయన వేలు మీట మీదికి పోయింది. ఇల్లాలు ఆ చేయి పట్టుకుంది.

"దిద్దకండి. వాడు వచ్చి కళ్ళారా చూసేదాకా ఇలాగే ఉండనీయండి. ఇప్పుడు దిద్దేస్తే, మీరు కథ అల్లారని వాడనుకుంటాడు." ఆమె హాలులోకి పోయి, అప్పటికి వేడెక్కిన ఇస్త్రీపెట్టెను చొక్కా మీద హడావుడిగా నడిపి తెచ్చింది. ఎడమవైపు మాత్రమే ఇస్త్రీ అయింది. కుడివైపు ముడతలు ముడతలుగా ఉంది. "ఇలాగే వెళ్ళండి."

సమావేశం సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

డిపో వెనుక పంక్చరు దుకాణం మీద ఒక గది. ఇనుప మెట్లు ఎక్కి వెళ్ళేసరికి కండక్టరు పరుపు ఎత్తి, దాని కింద మడత తేలడానికి పెట్టిన చొక్కా బయటికి తీస్తున్నాడు. బావను పైనుండి కిందికి చూశాడు. చూపు చొక్కా మధ్యన, ఇస్త్రీ ఆగిపోయిన చోట ఆగింది.

"అక్కకు బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"అయితే ఎందుకొచ్చావు? రిజిస్టరులో ఇంకా ఏమైనా పడ్డాయా?"

రిలేగారు ఏదో చెప్పాడు. కింద బస్సు ఒకటి వెనక్కి తిరుగుతూ గర్జించింది.

"వినబడట్లేదు బావా."

ఆయన మళ్ళీ చెప్పాడు. బస్సు వెళ్ళిపోయింది గాని పంక్చరు దుకాణంలో గాలి యంత్రం మొదలైంది. కండక్టరు చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు. "ఊహూఁ." నిజంగానే వినబడలేదో, వినబడనట్టు ఉన్నాడో రిలేగారికి అంతుపట్టలేదు. జీవితమంతా ఎత్తని గొంతు ఆయన అప్పుడు ఎత్తాడు.

"తలుపు తీసింది నేను! నా రాత తప్పు! నీది కాదు!"

గాలి యంత్రం ఆ క్షణాననే ఆగింది. మాటలు నలుదిక్కులా పడ్డాయి. కింద దుకాణంవాడు తల పైకెత్తి చూశాడు. రిలేగారు చెవుల దాకా ఎర్రబడ్డాడు.

కండక్టరు చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆపలేదు. "అక్క చెప్పమందా?"

"లేదు. వచ్చి చూడు."

"చూస్తాలే. నువ్వు చూపించేవన్నీ చూస్తూనే ఉన్నాను కదా."

ఇంటికి వచ్చాక అతడు వసారాలోనే ఆగిపోయాడు. తలుపు మూసి ఉంది. అక్క వైపు చూసి తల ఊపి, హాలులోకి వెళ్ళి, తన ఇస్త్రీపెట్టె తీగను అటూ ఇటూ తిప్పి చూసి, గోడకు తగిలించి మీట నొక్కాడు.

ఏమీ కాలేదు.

తలుపు కదలలేదు. దీపం వెలగలేదు. కండక్టరు బావ కేసి చూసిన చూపు, మూడు వారాలుగా రిలేగారు అతని కేసి చూసిన చూపే. రిలేగారు, కుదుపు ప్రతిసారీ ఒక్క తీరున ఉండదని చెప్పబోయాడు. చెబితే అది కూడా సాకులాగే ఉంటుందని మానుకున్నాడు.

"మళ్ళీ నొక్కరా" అంది ఇల్లాలు.

ఆర్పి, మళ్ళీ నొక్కాడు. టిక్కు, టిక్కు. దీపం వెలిగింది. వసారా చివర కీలు కిర్రుమంది.

కండక్టరు నవ్వలేదు. ఎగిరి గంతులు వేయనూ లేదు. "ఆ పుస్తకం తే" అన్నాడు. రిలేగారు తెచ్చాడు. కండక్టరు నేల మీద కూర్చుని, టికెట్ల కట్ట తిరగేసినవాడిలా వేలు తడి చేసుకుంటూ, ప్రతి వరుసా చదివాడు. ఒక చోట వేలు ఆగింది.

"పదకొండో తారీఖు పొద్దున పదింటికి నేను ఇంట్లో లేను బావా. ముందురోజు సాయంత్రమే డ్రైవరు కూతురి పెళ్ళికి వెళ్ళి, పన్నెండున వచ్చాను. నా పేరెందుకు పడింది?"

రిలేగారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు. అక్కడ పేరు లేదు. "సదరు" అని ఉంది.

"పదకొండున ఇస్త్రీ చేసింది నేను" అంది ఇల్లాలు, తమ్ముడి వేలు కేసి చూస్తూ. "వాడు లేడని నేనే మీ చొక్కా చేశాను."

రిలేగారు అలాగే వంగి నిలబడ్డాడు. ఆ ఒక్క గడిలో చూసి రాసి ఉంటే, తలుపు గుట్టు ఆనాడే తేలిపోయేది. చూడలేదు. పై వరుస చూసి కింద వరుస రాశాడు. పద్ధతి తప్పని మనిషి, పద్ధతిగానే తప్పు రాశాడు.

"చింపేస్తాను" అన్నాడు.

"వద్దు బావా. ఉండనీ." కండక్టరు రిజిస్టరు మూసి, దుమ్ము దులిపి, తన బట్టల అలమరలో పెట్టుకున్నాడు. ఎందుకని రిలేగారు అడగలేదు.

ఆ సాయంత్రమే ఆయన రెండు ప్రోగ్రాములనూ దిద్దాడు. విశ్రాంతి ఆజ్ఞ అన్నిటికంటే పైకి వెళ్ళింది, స్వాగతవాక్యం పోయింది. పాత తీగ మార్చడానికి ఎలక్ట్రీషియనుకు కబురు పెట్టాడు. నాలుగంకెలు ఒక కాగితం మీద రాసి ఇల్లాలికీ బావమరిదికీ కనబడేలా వసారా గోడకు అంటించాడు. కండక్టరు ఆ కాగితం చదివినట్టు ఎప్పుడూ కనబడలేదు. ఆ గది గడప కూడా తొక్కలేదు. పటకారు కావలసి వస్తే పక్కింట అడిగి తెచ్చుకుంటున్నాడు.

అతడు ఇంట ఉన్నాడు. గేటు దగ్గర మళ్ళీ మిత్రుల సందడి, దీపాలు మూడుసార్లు వెలగడం, దీపాల కంటే ముందే "అక్కా, ఎవరో వచ్చారు!" అన్న కేక, అన్నీ యథాస్థానానికి వచ్చాయి. ఒక్కటి మాత్రం కొత్తగా చేరింది. పొద్దున పదింటికీ, సాయంత్రం నాలుగున్నరకూ, దుప్పటి పరిచి, ఇస్త్రీపెట్టె తగిలించి, మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా ఆగుతాడు.

"బావా! చూస్తున్నావా?"

రిలేగారు ఎక్కడున్నా లేచి, వసారాలోకి వచ్చి, తలుపుకు ఎదురుగా నిలబడాలి. మెత్తగా చెబితే లాభం లేదు. వినబడలేదంటూ మళ్ళీ పిలుస్తాడు.

"చూస్తున్నాను!" అని ఆయన గట్టిగా అరుస్తాడు. వంటగదిలో ఇల్లాలు ఆ రెండు కేకలూ వింటుంది.

అప్పుడు మీట పడుతుంది. తలుపు కదలదు. బావమరిది ఆ పిలుపు వేళాకోళానికి పిలుస్తున్నాడో, నిజంగానే పిలుస్తున్నాడో తేల్చుకుందామని రిలేగారు రోజుకు రెండుసార్లు చెవులు రిక్కించి వింటాడు. ఏడో వరుసలో నీరసించిన రిలేను పట్టగలిగిన ఆ చెవులకు ఇది మాత్రం ఇంతవరకూ చిక్కలేదు.